కొత్తగా తెచ్చిన పిల్లికూనలు బీరువా వెనక నుంచి రావట్లేదు, మచ్చిక చేయడం ఎలా?

మియాపూర్_మూడో_అంతస్తు

అందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో రెండు పిల్లికూనలను తెచ్చుకున్నాం. మాకు దగ్గర్లోని ఒక ఆఫీసు సెల్లార్‌లో, జనరేటర్ వెనక పుట్టాయట. ఒక వలంటీర్ అమ్మాయి బోను పెట్టి పట్టుకుని, డాక్టర్‌కు చూపించి, నట్టల మందు తాగించి, మొదటి టీకా వేయించి మాకిచ్చింది. పదకొండు వారాల వయసు ఉంటుందని డాక్టర్ చెప్పారట.

ఒకటి నారింజ రంగు చారలది. రెండోది తెలుపు, నలుపు, నారింజ మూడూ కలిసినది. రెండో తరగతి చదివే మా అమ్మాయి వాటికి బెల్లం, ముగ్గు అని పేర్లు పెట్టింది. వచ్చిన రోజు బుట్ట మూత తీయగానే రెండూ సోఫా కిందికి, అక్కడి నుంచి బెడ్‌రూమ్‌లో బీరువా వెనక్కి వెళ్లిపోయాయి. ఇప్పటికీ పగలంతా అక్కడే. రాత్రి మేం పడుకున్నాక వచ్చి తింటాయి. పొద్దున చూస్తే గిన్నె ఖాళీగా ఉంటుంది, ట్రేలో ఇసుక తవ్వి ఉంటుంది. అంటే తిండికీ దొడ్డికీ ఇబ్బంది లేదు.

నేను వంగి చూస్తే బెల్లం కళ్లు పెద్దవి చేసి చూస్తూ ఉండిపోతుంది. ముగ్గు మాత్రం చెవులు వెనక్కి అంటించి బుసకొడుతుంది. నిన్న దగ్గరగా చెయ్యి పెడితే పంజాతో కొట్టింది, గీరుకుపోయి కొంచెం రక్తం వచ్చింది. కుక్కర్ విజిల్ వేసినప్పుడల్లా రెండూ గోడ వెంట పరుగులు పెడుతుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

మా అత్తగారు పాలు పెట్టమంటారు. మావారు వాటి జోలికి వెళ్లొద్దు, అవే వస్తాయంటారు. పక్కింటావిడ రోజూ కాసేపు ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుంటే అలవాటవుతాయంటోంది. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. తల్లి దగ్గర నుంచి తెచ్చి వీటిని బాధపెడుతున్నామేమో అని టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

---

సీతమ్మధార_పిల్లులిల్లు

ముందు ఒక మాట. రక్తం వచ్చిందన్నారు కదా, ఈ జవాబు చదవడం ఆపి ఈరోజే ఆసుపత్రికి వెళ్లండి. వీధిలో పుట్టిన కూన, రేబిస్ టీకా ఇంకా పడి ఉండదు. దీని గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారు, వాళ్లు వివరంగా రాస్తారు.

ఇక కూనల సంగతి. మేం విశాఖలో ఉంటాం. ఫిషింగ్ హార్బర్ వైపు దొరికిన కూనలను చాలా ఏళ్లుగా మా మేడమీది గదిలో ఉంచి, మనుషులకు అలవాటు చేసి ఇళ్లకు ఇస్తున్నాను. మీరు రాసింది చదివితే నాకు భయం వేయలేదు. తింటున్నాయి, ట్రే వాడుతున్నాయి, బెల్లం పారిపోకుండా మిమ్మల్ని చూస్తోంది. ఇవన్నీ మంచి సంకేతాలే.

పిల్లికూనకు పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం వరకు మనిషి చెయ్యి, మనిషి గొంతు సులువుగా అలవాటవుతాయి. ఆ వయసులో మీవి జనరేటర్ మోత వింటూ పెరిగాయి. ఆ అవకాశం దాటిపోయింది కాబట్టి రోజుల్లో అయ్యే పని వారాల్లో అవుతుంది. పదకొండు వారాలకు తలుపు మూసుకుపోదు. ఇంతకంటే పెద్ద వయసులో వచ్చినవీ మా ఇంట్లో మాలిమి అయ్యాయి. ముగ్గు బుసను కోపం అనుకోవద్దు. చెవులు వెనక్కి పోయి, ఒళ్లు నేలకు అంటుకుని బుస వస్తే అది పచ్చి భయం. "ఇంకా దగ్గరికి రాకు" అని చెబుతోంది. ఆ మాట విని మీరు ఒక అడుగు వెనక్కి వేస్తే, తన మాట చెల్లుతుందని దానికి తెలుస్తుంది. నా దృష్టిలో నమ్మకం మొదలయ్యేది అక్కడే. అందుకే పక్కింటావిడ సలహా వద్దు. మీవారి సలహా సగం బాగుంది. వాటి వెంట పడకూడదు, నిజమే. కానీ వదిలేస్తే అవి ఇంటికి అలవాటవుతాయి, మీకు కావు. మీరు పడుకున్నాక బతకడం నేర్చుకుంటాయి, ఇప్పుడు జరుగుతున్నది అదే.

మొదట చోటు తగ్గించండి. పుట్టినప్పటి నుంచి ఒక మూల తప్ప చూడని ప్రాణికి రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ చాలా పెద్దది. ఉన్నవాటిలో చిన్న గది, వంటగదికి దూరంగా ఉండేది చూడండి. మనకు సుమారు 20 కిలోహెర్ట్జ్ వరకే వినిపిస్తుంది, పిల్లికి 60 దాటినా వినిపిస్తుంది. కుక్కర్ విజిల్ వాటి చెవిలో ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ గదిలో బీరువా వెనక సందు, మంచం కింది భాగం పాత దుప్పట్లతో, అట్టలతో మూసేయండి. అవి లోపల లేనప్పుడు మూయాలి సుమా. బదులుగా రెండు అట్టపెట్టెలు పెట్టి, ఒక్కోదానికి రెండేసి కంతలు కోయండి. ఒక వైపు నుంచి ఎవరైనా వస్తే రెండో వైపు నుంచి పోవచ్చు అనే ధైర్యం వాటికి కావాలి. పెట్టెలో మీరు ఒక పూట కట్టి విప్పిన నూలు చీర ముక్కో, మీ అమ్మాయి పాత టీషర్టో ఉతక్కుండా వేయండి. మీ వాసన మీ కంటే ముందు వాటికి పరిచయం అవుతుంది. పెట్టెలో ఉన్న కూనను ఎప్పుడూ, ఏ కారణానికీ లాగొద్దు. ఆ పెట్టె దాని సొంతం.

గదిని మార్చే ముందు కిటికీలు చూడండి. గ్రిల్ సందులోంచి ఈ వయసు కూన తేలిగ్గా దూరుతుంది. దోమల మెష్‌ను గోళ్లతో చింపేస్తుంది కూడా. మూడో అంతస్తు అన్నారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

రెండోది తిండి, అసలు పని అంతా ఇక్కడే ఉంది. రాత్రంతా గిన్నె నిండా పెట్టడం ఆపేయండి. నీళ్లు ఎప్పుడూ ఉండాలి. తిండి మాత్రం రోజుకు నాలుగుసార్లు, దాదాపు అవే వేళలకు, మీ చేతుల మీదుగా రావాలి. తిన్నాక గిన్నె మీతోపాటే బయటికి పోవాలి. స్టీలు పళ్లెం నేలకు తగిలి మోగుతుంది, పింగాణీ సాసర్ వాడండి. పళ్లెం పెట్టి వచ్చేయకుండా అక్కడే కూర్చోండి. ఎంత దూరంలో కూర్చుంటే అవి తింటాయో అదే మీ దూరం. గుమ్మం దగ్గరైతే గుమ్మం దగ్గరే. రోజూ పళ్లెం మీ వైపు జానెడు జరపండి. ఒక రోజు తినకుండా ఆగిపోతే మళ్లీ జానెడు వెనక్కి పెట్టండి. ఆకలితో లొంగదీయాలని చూడొద్దు. ఈ వయసు కూన ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టర్‌కు చూపించాల్సిందే.

రోజువారీ తిండి కూనల కోసం తయారుచేసిన క్యాట్ ఫుడ్డే ఉండాలి. ఉత్త చికెన్ మీదే పెరిగితే వాటికి అవసరమైనవి అందవు. కానీ లంచంగా మాత్రం ఉడికించిన చికెన్‌ను మించింది లేదు. ఉప్పు, పసుపు, నూనె ఏమీ లేకుండా ఉడికించి, పీచులుగా తీసి పెట్టండి. కూర కోసం వండినది తీసి పెట్టొద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లుల రక్తాన్ని దెబ్బతీస్తాయి. మీ అత్తగారికి నా మాటగా చెప్పండి, ఆవిడ ప్రేమతోనే అంటున్నారు కానీ చాలా పిల్లులకు ఆవుపాలు, గేదెపాలు అరగవు. విరేచనాలు పట్టుకుంటాయి. చికెన్ పీచులు తీసే పని ఆవిడకు అప్పగిస్తే ఆ వాసన ఆవిడ చేతికి ఉంటుంది. కూనలు ముందు ఆవిడ దగ్గరికే వచ్చినా ఆశ్చర్యం లేదు.

కూర్చునే తీరు కూడా ముఖ్యం. నిలబడితే మనం వాటికి కొండంత ఉంటాం. నేల మీద, కాస్త పక్కకు తిరిగి కూర్చోండి. నేరుగా కళ్లలోకి చూడటం పిల్లుల లోకంలో బెదిరింపు. చూపు కలిస్తే రెప్పలు నెమ్మదిగా సగం మూసి, మూసి తెరిచి, పక్కకు చూడండి. 2020లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని పరీక్షించారు. మామూలు ముఖంతో ఉన్న కొత్త మనిషి కంటే, ఇలా నెమ్మదిగా రెప్పలు వేసిన కొత్త మనిషి చెయ్యి చాపితే పిల్లులు ఎక్కువగా దగ్గరికి వచ్చాయి. నేను అంతకు చాలా ముందు నుంచే చేస్తున్నాను, మా అమ్మమ్మ చేస్తుంటే చూసి నేర్చుకున్నాను.

మీ అమ్మాయికి ఎత్తుకోవాలని ఉంటుంది పాపం. ఆ పిల్లకు ఒక మంచి పని ఇవ్వండి. సాయంత్రం గది గుమ్మంలో కూర్చుని తన తెలుగు వాచకం పైకి చదవమనండి. ఒకే గొంతు, ఒకే వేళ, మీద పడని మనిషి. కూనలకు కావలసింది అదే. పిల్ల చదువు కూడా అవుతుంది.

ముట్టుకోవడం చివరి మెట్టు. దానికంటే ముందు ఆట ఉంటుంది. పొడవాటి కర్రకు తాడు, తాడు చివర గుడ్డపీలిక కట్టి నేల మీద నెమ్మదిగా లాగండి. పొద్దుగూకే వేళ, తెల్లవారే వేళ పిల్లులకు వేట బుద్ధి పుడుతుంది, అప్పుడు ఆడించండి. అయిపోయాక తాడు బయటికి తెచ్చేయండి, మింగితే పేగుల్లో చుట్టుకుంటుంది. ఆ తర్వాత చెక్క గరిటె చివర పేస్టులా ఉండే ట్రీట్ రాసి దూరం నుంచి నాకించండి. రోజులు గడిచేకొద్దీ గరిటెను కొంచెం కొంచెం పొట్టిగా పట్టుకోండి. మొదటిసారి ముట్టుకునేది అది తినే ధ్యాసలో ఉన్నప్పుడు, ఒక్క వేలితో, చెంప మీద. నెత్తి మీద నుంచి చెయ్యి దిగితే గద్ద వచ్చినట్టే దానికి. రెండుసార్లు నిమిరి, అది ఇంకా కావాలనుకునేలోపే చెయ్యి తీసేయండి.

ఇంకో సంగతి, ముగ్గు ఆడదే అయి ఉంటుంది. ఆ మూడు రంగులూ కలిసి వచ్చే కూనలు దాదాపు అన్నీ ఆడవే. ఇది తర్వాత పనికొస్తుంది.

---

తిరుపతి_వెట్_విద్యార్థి

పశువైద్యం చదువుతున్నాను. గాయం గురించి అక్క చెప్పింది పూర్తిగా నిజం. వీధి కూన గీరినా, కొరికినా వెంటనే కొళాయి నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. నిన్న కడగకపోతే ఇప్పుడైనా కడగండి. పసుపు, సున్నం, కారం లాంటివి పెట్టొద్దు, కట్టు గట్టిగా కట్టొద్దు. రక్తం వచ్చింది కాబట్టి టీకాతోపాటు ఇమ్యూనోగ్లోబులిన్ (టీకా పనిచేయడం మొదలయ్యేలోపు కాపాడే ఇంజెక్షన్) కూడా అవసరమా అన్నది ఆసుపత్రిలో డాక్టర్ చూసి నిర్ణయిస్తారు, రక్తం వచ్చిందన్న సంగతి దాచకుండా చెప్పండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగానే వేస్తారు. మొదటి డోసుతో ఆపేయకుండా చెప్పిన తేదీలన్నింటికీ వెళ్లండి. కూన చిన్నదే కదా, ఇంట్లోనే ఉంటోంది కదా అనుకోవద్దు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు చికిత్స లేదు.

కూనలకు ఇప్పుడు పడింది మూడు జబ్బుల టీకా అయి ఉంటుంది, కార్డు చూడండి. మూడు నాలుగు వారాల తేడాతో బూస్టర్ పడాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. చిగుళ్లు తెల్లగా పాలిపోయినట్టు కనిపిస్తే ఒంటి మీది గోమార్లు, బొచ్చులో తిరిగే ఫ్లీస్ అనే చిన్న పురుగులు రక్తం తాగుతున్నాయని అనుమానించాలి. కుక్కలకు వాడే మందు పిల్లుల మీద చల్లొద్దు, వాటిలో కొన్నింటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లులకు విషం.

క్లినిక్‌కు తీసుకెళ్లాల్సిన రోజు వరకు బుట్టను అటక మీద దాచొద్దు. మూత తీసి గదిలోనే ఉంచి, రోజూ ఒక పూట తిండి దాని లోపల పెట్టండి. తమంతట తాము లోపలికి వెళ్తే ఆ రోజు వెంటపడి పట్టుకునే పని ఉండదు. ఒక్కసారి వెంటపడితే మీరు పోగేసుకున్న నమ్మకం చాలావరకు పోతుంది.

---

హనుమకొండ_రాజన్న

నేనైతే తువ్వాలుతో చుట్టి ఒళ్లో పెట్టుకున్నా, తల ఒక్కటే బయట ఉంచి చెంపలు నిమిరి, నోటికి చికెన్ పెట్టేవాణ్ణి. వారం తిరగకముందే ఒళ్లోకి వచ్చి పడుకుంది. ఇంకొకటి, రెండింటినీ వేరు వేరు గదుల్లో పెట్టాలె. రెండూ కలిసి ఉంటే ఒకదానికొకటి తోడు, మనిషితో పనేముంది వాటికి?

---

సీతమ్మధార_పిల్లులిల్లు

రాజన్న గారూ, మీ కూన ఎంత వయసుదో రాయలేదు. ఐదారు వారాల కూనలకు తువ్వాలు పద్ధతి నేనూ వాడతాను, త్వరగా పనిచేస్తుంది. పదకొండు వారాలది, ఇప్పటికే రక్తం వచ్చేలా కొట్టింది, పైగా పిల్లులు కొత్త అయిన ఇల్లు. అక్కడ ఆ పద్ధతి నేను చెప్పను. చుట్టేసినప్పుడు కూన కదలకుండా ఉంటే శాంతపడింది అనుకుంటాం. చాలాసార్లు అది భయంతో బిగుసుకుపోవడం. వదిలిన మరుక్షణం ఎటు పరిగెత్తుతుందో చూడాలి. మీ వైపు వస్తే సరే, గోడ వైపు పోతే అది ఓర్చుకుంది, అంతే.

వేరు చేయడం విషయంలో మీ మాటలో నిజం ఉంది. రెండు కూనలు ఒకదాన్నొకటి చూసి భయం నేర్చుకోగలవు. కానీ పిరికిది ధైర్యం ఉన్నదాన్ని చూసి ధైర్యం కూడా నేర్చుకుంటుంది. మా ఇంటికి హార్బర్ నుంచి వచ్చిన ఒక బూడిద రంగు ఆడకూన నేను గదిలో ఉంటే మూతి కూడా బయటపెట్టేది కాదు. దాని తమ్ముడు నా కాలి మీద ఎక్కి తింటుంటే పెట్టె కంతలోంచి రోజూ చూసేది. ఆ తర్వాత వాడి వెనకే నక్కి నక్కి వచ్చి, వాడి నోటి దగ్గరి ముక్క లాక్కుపోయేది. అలా లాక్కోవడానికి వచ్చిందే నా చేతిలోంచి తినడం దాకా వచ్చింది. వాణ్ణి ముందే వేరే గదిలో పెట్టి ఉంటే దానికి ఆ దారి ఉండేది కాదు. కాబట్టి పూర్తిగా విడదీయకండి. రోజుకు ఒకటి రెండు పూటలు, కాసేపు, ఒక్కోదానితో విడిగా గడపండి చాలు.

---

మియాపూర్_మూడో_అంతస్తు

అందరికీ చాలా చాలా థాంక్స్. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాను. గాయం చూసి ఇమ్యూనోగ్లోబులిన్ కూడా ఇచ్చారు, మిగతా డోసుల తేదీలు కార్డు మీద రాశారు.

కూనలను మా అమ్మాయి చదువుకునే చిన్న గదిలోకి మార్చాం. పెట్టెలు, చీర, నాలుగు పూటల తిండి, అన్నీ మీరు చెప్పినట్టే చేస్తున్నాం. బెల్లం ఇప్పుడు గరిటె నాకుతోంది. మొన్న నా వేలు కూడా నాకి, చెంప రుద్దింది. తోక నిటారుగా పెట్టుకుని వస్తోంది. చదివే వేళకు మా అమ్మాయి కంటే ముందే వచ్చి కూర్చుంటోంది. అత్తగారు చికెన్ పీచులు తీస్తుంటే తలుపు వెనక నుంచి అరుస్తోంది కూడా.

ముగ్గు మాత్రం పెట్టెలోంచే చూస్తుంది. నా ఎదురుగా తింటోంది కానీ పళ్లెం సగం గది దాటి ఇటు జరపనివ్వడం లేదు. బుస తగ్గింది. ఇక దానికి ఇంతేనా? మరో సంగతి, దీపావళి దగ్గరపడింది. మా కింద పార్కింగ్‌లోనే పిల్లలందరూ టపాసులు కాలుస్తారు. ఏం చేయాలి?

---

సీతమ్మధార_పిల్లులిల్లు

బుస తగ్గింది, మీ ఎదురుగా తింటోంది. మొదటి రోజు ముగ్గును గుర్తుచేసుకోండి. బెల్లంతో పోల్చి చూస్తే దీని ప్రగతి కనపడదు. ఒకే కాన్పు కూనల్లోనే పుట్టుకతో ధైర్యం తేడాగా ఉంటుంది. పళ్లెం అక్కడే ఉంచండి, ఇంకో వారం జరపకపోయినా నష్టం లేదు. బెల్లాన్ని మీ అత్తగారితో హాల్లో కాసేపు ఆడనిచ్చి, ఆ సమయంలో మీరు ఒక్కరే ముగ్గు దగ్గర కూర్చోండి. ఏమీ చేయకండి. కూరగాయలు తరుక్కోండి, ఫోన్ చూసుకోండి. తనను పట్టించుకోని మనిషిని పిరికి పిల్లి ఎక్కువసేపు చూస్తుంది, ఆ చూడటమే దానికి చదువు. కర్రకు కట్టిన పీలికను అప్పుడే మొదలుపెట్టండి, పీలికతో మొదట ఆడేది పెట్టె లోపలి నుంచే అయినా పర్వాలేదు. కొన్ని పిల్లులు ఎప్పటికీ ఒళ్లో కూర్చోవు. పక్కన మూరెడు దూరంలో పడుకుంటాయి, రాత్రి మంచం కాళ్ల వైపు చేరతాయి. నేను ఇళ్లకు ఇచ్చిన వాటిలో అలాంటివి ఉన్నాయి, వాటిని తెచ్చుకున్నవాళ్లు వాటిని తక్కువగా ప్రేమించట్లేదు.

దీపావళి వారం కొత్తవేవీ మొదలుపెట్టొద్దు. గది తలుపు తెరిచి ఇల్లంతా తిరగనివ్వాలని ఆలోచన ఉంటే పండగ అయ్యాకే. ఆ రోజు చీకటి పడకముందే కడుపునిండా పెట్టండి. కిటికీ తలుపులు మూసి, గడియ పెట్టి, మందపాటి దుప్పటి కట్టండి. ఫ్యాన్ వేసి, టీవీయో రేడియోయో ఒక మోస్తరు సౌండ్‌తో ఉంచండి. పెట్టెల మీద ఇంకో దుప్పటి కప్పితే చప్పుడు ఇంకొంచెం తగ్గుతుంది. అవి పెట్టెలోంచి రాకపోతే పిలవొద్దు, ఓదార్చడానికి బయటికి తీయొద్దు. మీలో ఒకరు గదిలో నేల మీద కూర్చుని ఉంటే చాలు. ఆ సాయంత్రం గుమ్మం తలుపు పదే పదే తెరుచుకుంటుంది, దీపాలు పెట్టడానికి, స్వీట్లు పంచడానికి. అందుకని గది తలుపు మీద పెద్ద అక్షరాలతో "తెరవొద్దు" అని మీ అమ్మాయితో రాయించి అంటించండి. బెదిరిన కూన మెట్ల మీదికి వెళ్లిందంటే సెల్లార్ దాకా ఆగదు. మర్నాడు అవి కొంచెం వెనక్కి తగ్గినట్టు కనిపిస్తే పళ్లెం రెండు జానలు వెనక్కి జరిపి మళ్లీ అక్కడి నుంచి మొదలుపెట్టండి. మొదటిసారి పట్టినంత కాలం పట్టదు.

పండగ అయ్యాక ఇంకొక్క పని. ముగ్గు ఆడది అన్నాను కదా, ఆడపిల్లులు కొన్ని నాలుగు నెలలకే ఎదకు వస్తాయి. బెల్లం మగదైతే అన్నాచెల్లెళ్లు అని అవి చూసుకోవు. చూలు నిలిస్తే సుమారు రెండు నెలలకే ఈనుతుంది, అదే ఇంకా పసిది. మీ డాక్టర్‌తో ఇప్పుడే మాట్లాడి రెండింటికీ ఆపరేషన్ ఎప్పుడు చేస్తారో కనుక్కుని, తేదీ ముందే తీసుకోండి. ఆపరేషన్ అయి వచ్చాక క్లినిక్ వాసనతో ఒకదాన్ని చూసి ఇంకొకటి బుసకొట్టవచ్చు, కంగారు పడొద్దు. వీలైతే రెండింటికీ ఒకే రోజు చేయించండి. రాగానే అదే గది, అవే పెట్టెలు, ఉతకని అదే చీర ఉండేలా చూడండి. ముగ్గు బుట్టలో కూర్చుని తినడం ఇంకా మొదలుపెట్టలేదంటే, తిరుపతి అబ్బాయి చెప్పినట్టు రేపటి నుంచే ఒక పూట పళ్లెం బుట్ట ముందు పెట్టడం మొదలుపెట్టండి. లోపలికి జరపడానికి మీకు తగినంత వ్యవధి ఉంటుంది.